నోట్స్ యాప్ ఎంచుకునే ముందు: మీరు రాసేది వరుసలా, పేరాలా?

నోట్స్ రాసుకోవడానికి ఏ యాప్ మంచిదని అడిగేవాళ్లలో చాలామంది దగ్గర ఇప్పటికే ఒకటి ఉంటుంది: వాట్సాప్. తమ నంబరుకు తామే మెసేజ్ పెట్టుకుంటారు. 2022 చివర్లో వాట్సాప్ ఆ సదుపాయాన్ని అధికారికంగానే ఇచ్చింది. కరెంటు సర్వీసు నంబరు, ప్లంబరు ఫోను, ఎవరో పంపిన లింకు, అర్ధరాత్రి తట్టిన కథ ఎత్తుగడ, అన్నీ అందులోకే పోతాయి. పెట్టడం చాలా తేలిక. ఆరు నెలల తర్వాత తీయడం దగ్గరే తంటా. తేదీ వరుస తప్ప ఇంకో క్రమం లేదు, పంపిన పదిహేను నిమిషాలు దాటితే దిద్దుకోవడానికి వీల్లేదు, ఒకే విషయం మీద వేర్వేరు రోజుల్లో రాసుకున్నవి ఒకచోటికి చేరవు.

కొత్త యాప్‌కు మారేటప్పుడు కూడా చాలామంది పెట్టడం ఎంత సులువో చూసి మారతారు. బొమ్మలు బాగున్నాయా, రంగులున్నాయా, ఫోన్‌లో విడ్జెట్ వస్తుందా అని. నేను మాత్రం రెండే ప్రశ్నలు అడగమంటాను. మీ ఆలోచన వరుసలుగా వస్తుందా, పేరాలుగా వస్తుందా? రాసిన ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది? ఈ రెంటికీ జవాబు దొరికితే మార్కెట్‌లో ఉన్న యాప్‌లలో ముప్పాతిక వంతు వాటంతట అవే పక్కకు పోతాయి.

మొదటి ప్రశ్న సంగతి. ఇంట్లో పెళ్లి కుదిరిందనుకోండి. కాగితం మీద ఏం రాస్తారు? మండపం, భోజనాలు, శుభలేఖలు, సన్నాయి మేళం, బట్టలు, బంగారం. భోజనాల కింద ఉదయం టిఫిన్లు, మధ్యాహ్నం విందు, రాత్రికి విడిదిలో ఎవరెవరు మిగులుతారో వాళ్లకు. టిఫిన్ల కింద క్యాటరింగ్ వాళ్లకిచ్చిన అడ్వాన్సు, ఇంకా ఇవ్వాల్సింది. రెండు రోజులు గడిచాక మేళం వాళ్లకు బస కూడా చూడాలని గుర్తొస్తుంది. అది మేళం కింద రాయాలా, విడిది కింద రాయాలా? కాగితం మీదైతే బాణం గీతలు, కొట్టివేతలు. ఔట్‌లైనర్ అనే జాతి సాఫ్ట్‌వేర్ పుట్టింది సరిగ్గా ఇందుకే. ప్రతి వరుస ఒక విడి ముక్క. దాన్ని పట్టుకుని పైకీ కిందికీ జరపొచ్చు, ఇంకో వరుస కిందికి నెట్టొచ్చు, జరిపితే దాని పిల్ల వరుసలన్నీ దాని వెంటే వస్తాయి. భోజనాల కింద ఉన్నదంతా మడిచేసి ఆరు ముఖ్యమైన పనులే కనిపించేలా పెట్టుకోవచ్చు. లేదా బంగారం అన్న వరుసలోకే దూరి, మిగతా పెళ్లంతా కంటికి కనపడకుండా చేయొచ్చు.

ఇదేమీ కొత్త ఊహ కాదు. 1968 డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ మౌస్‌ను లోకానికి చూపించిన ఆ ప్రదర్శనలోనే, మడుచుకునే జాబితాలు కూడా ఉన్నాయి. ఆయన అప్పుడు తెర మీద చూపించిన వాటిలో బజారులో కొనాల్సిన సరుకుల జాబితా ఒకటి. తర్వాత 1980లలో డేవ్ వైనర్ థింక్‌ట్యాంక్, మోర్ అనే ఔట్‌లైనర్లు తెచ్చాడు. 2000లో ఓపీఎంఎల్ అనే ఫైలు పద్ధతి కూడా అతని వల్లే వచ్చింది. ఈ పేరు గుర్తుంచుకోండి. ఒక ఔట్‌లైనర్ నుంచి ఇంకో దానికి సరంజామా మార్చాల్సి వస్తే ఇప్పటికీ అదే దారి.

రెండో జాతి పేజీల యాప్‌లు. ఒక పేరు, దాని కింద ఎంతైనా రాత. డాక్టరు చెప్పినవి, సమావేశంలో తేలినవి, చదివిన పుస్తకం మీద నాలుగు పేరాలు, వంటకం కొలతలు. వీటిని వరుసలుగా విరగ్గొడితే చదవబుద్ధి కాదు. మీరు ఏ జాతి మనిషో తేల్చుకోవడానికి యాప్ అక్కర్లేదు. పోయిన వారం ఎక్కడెక్కడో రాసుకున్నవి ముందేసుకుని చూడండి. పొట్టి ముక్కలు, వాటి కింద ఇంకా పొట్టి ముక్కలు కనిపిస్తే ఔట్‌లైనర్. క్రియతో ముగిసే నిండు వాక్యాలు కనిపిస్తే పేజీలు.

ఔట్‌లైనర్లలో మొదట చూడాల్సింది వర్క్‌ఫ్లోయీ. 2010లో వచ్చింది. తెరిస్తే ఖాళీ పేజీ, ఒక చుక్క, అంతే. ఫోల్డర్లు, నోట్‌బుక్కులు లాంటివేమీ లేవు. మీ జీవితమంతా ఒకే పెద్ద జాబితా, ఏ చుక్కను నొక్కితే దాని లోపలికి వెళ్తారు. మొదటి రోజు ఇదేమిటి ఇంత బోసిగా ఉందనిపిస్తుంది, కొన్నాళ్లకు ఆ బోసితనమే నచ్చుతుంది. ఒకే వరుస రెండు చోట్ల కనపడేలా పెట్టుకునే సౌకర్యం ఉంది కాబట్టి పైన చెప్పిన మేళం వాళ్ల బస సమస్య అక్కడితో తీరిపోతుంది. ఒకచోట దిద్దితే రెండో చోట కూడా మారుతుంది. చిక్కల్లా ఉచిత ఖాతాలో నెలకు ఇన్ని వరుసలే అన్న పరిమితి. పెళ్లి జాబితా లాంటిది మొదలుపెడితే అది వారంలోనే నిండుతుంది. డబ్బు కట్టేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. కట్టనివాళ్లకు డైనలిస్ట్ ఉంది. వరుసల మీద పరిమితి లేదు, చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది. కానీ దాన్ని తయారుచేసిన ఇద్దరూ 2020లో ఆబ్సిడియన్ అనే ఇంకో నోట్స్ యాప్ మొదలుపెట్టి దృష్టంతా అటు మళ్లించారు. డైనలిస్ట్ నడుస్తోంది, కొత్తగా పెద్దవేమీ రావడం లేదు. ఉన్నది చాలనుకునేవాళ్లకు అది లోపం కాదు.

రోమ్ రీసెర్చ్ గురించి 2020 ప్రాంతంలో చాలా హడావుడి జరిగింది. నోట్‌కూ నోట్‌కూ మధ్య రెండు వైపులా లింకులనే పద్ధతిని జనానికి బాగా అలవాటు చేసింది అదే. నెలకు పదిహేను డాలర్లు పెట్టి ఇప్పుడు కొత్తగా అందులో చేరమని మాత్రం ఎవరికీ చెప్పను. ఆ పని లాగ్‌సీక్ ఉచితంగా చేస్తుంది. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే మామూలు టెక్స్ట్‌గా ఉంటాయి, తెరవగానే ఈ రోజు తేదీతో ఖాళీ పేజీ వస్తుంది. ఏది ఎక్కడ పెట్టాలో ఆలోచించకుండా తేదీ కింద రాసేసి, మనిషి పేరో ఊరి పేరో లింకు చేస్తే చాలు. తర్వాత ఆ పేరు నొక్కితే అది ప్రస్తావనకొచ్చిన ప్రతి వరుస కనిపిస్తుంది. వాట్సాప్ అలవాటున్నవాళ్లకు ఇది బాగా పడుతుంది, ఎందుకంటే రాసే తీరు అదే, తీసే తీరు మాత్రం వేరు. ఒక హెచ్చరిక: దీన్ని టెక్స్ట్ ఫైళ్ల నుంచి డేటాబేస్ పద్ధతికి మార్చే పనిని ఆ బృందం తలకెత్తుకుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ రకం వాడుతున్నారో చూసుకోవాలి.

ఇక ఆర్గ్-మోడ్. ఈ పేరెత్తగానే నా పక్షపాతం బయటపడుతుంది, ముందే చెప్తున్నాను. నెదర్లాండ్స్‌లోని ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ తన నోట్స్, చేయాల్సిన పనులు ఒకేచోట ఉండాలని 2003లో ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ కోసం రాసుకున్నది. స్టార్ గుర్తు పెడితే శీర్షిక, రెండు పెడితే ఉపశీర్షిక. ఏ శీర్షికకైనా చేయాలి, అయిపోయింది అనే గుర్తులు, గడువు తేదీ తగిలించొచ్చు. ఎన్ని ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉన్నా ఈ వారం గడువున్నవన్నీ ఒకే పట్టికగా తీసి చూపిస్తుంది. ఎల్ఐసీ ప్రీమియం, కారు ఇన్సూరెన్సు, పిల్లల ఫీజు, పెద్దాయన చెకప్ అన్నీ ఒక తెర మీద. ఇంత శక్తి ఇంకే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ నేను చూడలేదు. అయినా పదిమందిలో తొమ్మిదిమందికి వద్దంటాను. ఈమాక్స్ నేర్చుకోవడమే ఒక కోర్సు. ఫోన్‌లో వాడాలంటే వేరే యాప్, ఫైళ్లు చేరవేసే ఏర్పాటు మీదే. తెలుగు విషయంలో ఇంకో పేచీ ఉంది. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అక్షరాలను సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుండటంతో ఈమాక్స్‌లో గుణింతాలు, ఒత్తులు శుభ్రంగానే కనిపిస్తాయి, కానీ పట్టికల్లో నిలువు గీతలు ఒకదాని కింద ఒకటి రావు. ఆ పట్టికలు ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉంటుందని నమ్మి గీసినవి. మన 'ఘ'కూ 'ర'కూ ఆ సమానత్వం ఎక్కడిది?

ఈ గొడవంతా ఎందుకనుకునేవాళ్లకు ఒక మాట. మీ దగ్గరున్న మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఔట్‌లైన్ వ్యూ అని ఒకటి ఎన్నో ఏళ్లుగా ఉంది. పుస్తకమో థీసిసో రాసేవాళ్లకు శీర్షికలు పైకీ కిందికీ జరపడానికి అది చాలు. కొత్త యాప్ కొనే ముందు దాన్ని ఒకసారి తెరిచి చూడండి.

పేజీల యాప్‌ల దగ్గరికొస్తే రెండో ప్రశ్న ముందుకొస్తుంది: ఫైలు ఎవరి దగ్గర? ఎవర్‌నోట్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2008 నుంచి జనం అందులో వేల నోట్లు దాచుకున్నారు. ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ ఆ కంపెనీని కొన్నాక, 2023 డిసెంబర్‌లో ఉచిత ఖాతాను యాభై నోట్లకు, ఒక్క నోట్‌బుక్కుకు కుదించింది. పాతవి పోలేదు, చదువుకోవచ్చు, బయటకు తీసుకోవచ్చు, కానీ పరిమితి దాటినవాళ్లు కొత్తది రాయాలంటే డబ్బు కట్టాలి. అంతకుముందు గూగుల్ తన నోట్‌బుక్ సేవను 2012లో మూసేసింది. కంపెనీలు దుర్మార్గమైనవని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్ల లెక్కలు వాళ్లవి. మీ రాత వాళ్ల సర్వర్‌లోనే, వాళ్ల యాప్‌కే అర్థమయ్యే రూపంలోనే ఉంటే వాళ్ల లెక్క మారిన రోజు మీ ఇబ్బంది మొదలవుతుంది.

అందుకే ఆబ్సిడియన్‌కు ఇంత ఆదరణ. నోట్లన్నీ మీ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్, ఒక్కో నోటు ఒక్కో మార్క్‌డౌన్ ఫైలు, అంటే శీర్షికలకూ జాబితాలకూ చిన్న గుర్తులు పెట్టిన సాదా టెక్స్ట్. ఆబ్సిడియన్ రేపు మూతపడినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. వ్యక్తిగత వాడకం మొదటి నుంచీ ఉచితమే. 2025 నుంచి ఆఫీసు పనికి వాడినా లైసెన్సు కొనక్కర్లేదు. జాబితాలను, శీర్షికలను మడుచుకోవచ్చు కాబట్టి సగం ఔట్‌లైనర్ కూడా. కంప్యూటర్, ఫోన్ మధ్య చేరవేతే దీని బలహీనత. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకు ఐక్లౌడ్ సరిపోతుంది. విండోస్, ఆండ్రాయిడ్ కలగలిపి వాడే మనలాంటి వాళ్లు ఆబ్సిడియన్ సొంత సింక్ సేవకు నెలనెలా కట్టాలి, లేదంటే ఫైళ్లను ఒక పరికరం నుంచి ఇంకో దానికి చేర్చే సింక్‌థింగ్ లాంటివి పట్టుకుని తంటాలు పడాలి. ఇక ఆ గ్రాఫ్ బొమ్మ, నోట్ల మధ్య లింకులన్నీ నక్షత్రాల్లా మెరిసేది. యూట్యూబ్ వీడియోల థంబ్‌నెయిల్‌కు తప్ప దేనికీ పనికొచ్చినట్టు నాకైతే కనపడలేదు. అదనపు హంగులు తగిలించే ప్లగిన్‌లు వేలల్లో ఉన్నాయి. మొదటి నెల ఒక్కటి కూడా వేయకండి.

ఆ చేరవేత బాధ వద్దనుకుంటే జాప్లిన్ చూడండి. ఓపెన్ సోర్స్, డ్రాప్‌బాక్స్‌తోనో వన్‌డ్రైవ్‌తోనో ఉచితంగా కలుపుకోవచ్చు, అక్కడ చేరేది కూడా తాళం వేసిన రూపంలో ఉండేలా సెట్ చేయొచ్చు. అందంలో ఆబ్సిడియన్‌కు సరితూగదు. విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోను, సున్నా బడ్జెట్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. స్టైలస్‌తో టాబ్లెట్ మీద గీస్తూ రాసేవాళ్లకు, ముఖ్యంగా ఇంజినీరింగ్, మెడిసిన్ విద్యార్థులకు వన్‌నోట్‌ను మించింది ఉచితంలో లేదు. కాకపోతే మొత్తం సరుకును సాదా టెక్స్ట్‌గా బయటకు తీయడం తలనొప్పి. నోషన్‌తో ఇంటి ఖర్చుల నుంచి సినిమాల జాబితా దాకా అన్నిటికీ పట్టికలు కట్టుకోవచ్చు. పట్టికలు కడుతూ కూర్చుని నోట్స్ రాయడం మర్చిపోయేవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. నెట్ లేకుండా పనిచేసే ఏర్పాటు కూడా 2025 ఆగస్టు దాకా రాలేదు. గూగుల్ కీప్ వంటింటి అలమార తలుపుకు అంటించిన చీటీలాంటిది. సరుకులు రాసుకుని, తెచ్చాక కొట్టేసుకోవడానికి అంతకంటే తేలికైనది లేదు, దాన్ని గ్రంథాలయం చేయబోతేనే చిక్కు.

ఈ పోలికలన్నీ ఇంగ్లిష్‌లో ఎక్కడైనా దొరుకుతాయి. తెలుగులో రాసుకునేవాళ్ల ఇబ్బందులు వాటిలో ఉండవు. ముఖ్యమైనది వెతుకులాట. మన మాటల తోక మారుతుంటుంది. నోటులో 'పాసుపుస్తకాన్ని తహసీల్దారు ఆఫీసులో ఇచ్చాను' అని రాసుకున్నారు. ఏడాది తర్వాత 'పాసుపుస్తకం' అని వెతికితే దొరకదు, ఎందుకంటే సున్నాతో ముగిసే ఆ రూపం ఆ వాక్యంలో లేనే లేదు. 'పాసుపుస్తక' దాకానే కొడితే దొరుకుతుంది. కొన్ని యాప్‌లు మాట మొదటి నుంచే పోలుస్తాయి. వాటిలో 'పుస్తక' అని వెతికినా 'పాసుపుస్తకాన్ని' తగలదు. ఇంకొన్ని మాట మధ్యలో కూడా చూస్తాయి. మీరు ఎంచుకోబోయే యాప్‌లో ఇలాంటి నాలుగు వాక్యాలు రాసి వెతికి చూడండి. అయిదు నిమిషాల పని.

అన్యదేశ పదాలతో ఇంకో తంటా. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, వ కిందికి దిగి ఒత్తుగా మారకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. ఫోన్‌లో రాసింది ఒక రకం, ల్యాప్‌టాప్‌లో వెతికింది ఇంకో రకం అయితే యాప్ దృష్టిలో అవి రెండు వేరు మాటలు. బ్యాంకు, బ్యాంక్, బాంకు సంగతి చెప్పనే అక్కర్లేదు. గొంతుతో టైపు చేసేవాళ్లకు ఈ తేడాలు ఇంకా ఎక్కువ వస్తాయి. నేను పాటించే ఉపాయం చాలా సాదాది: ప్రతి ముఖ్యమైన నోటులోనూ ఒక అంకె ఉండేలా చూసుకుంటాను. పొలం నోటులో సర్వే నంబరు, కరెంటు నోటులో సర్వీసు నంబరు, బీమా నోటులో పాలసీ నంబరు, సమావేశమైతే తేదీ. అంకెలకు విభక్తులుండవు.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు మీ దగ్గరుంటే వాటిని ముందు యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చదివే పద్ధతిలోకి మార్చాకే ఏ యాప్‌లోనైనా పెట్టండి. ఫాంటు లేనిచోట అవి ఇంగ్లిష్ అక్షరాల చిందరవందరే, వెతకడం అసాధ్యం. డీటీపీ రంగంలో ఉన్నవాళ్లకు, ఒకప్పటి పత్రికా రచయితలకు ఈ పని తప్పదు.

పాస్‌వర్డులు, పిన్‌లు, ఆధార్ ఫొటోలు పై వాటిలో దేనిలోనూ పెట్టకండి. పాస్‌వర్డులకు బిట్‌వార్డెన్ లాంటివి, ధ్రువపత్రాలకు డిజీలాకర్ ఉన్నాయి. డాలర్లలో చందా కట్టే యాప్ అయితే ఏడాదికొకసారి కట్టే పథకం తీసుకోండి. 2021 అక్టోబర్ నుంచి అమలవుతున్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల విదేశీ కంపెనీలకు నెలనెలా కార్డు నుంచి దానంతట అది డబ్బు వెళ్లే ఏర్పాటు అన్ని చోట్లా సాఫీగా పనిచేయదు.

గ్రూప్-2కి చదివేవాళ్లు అడిగితే లాగ్‌సీక్ లేదా డైనలిస్ట్ అంటాను. సిలబస్ ఎలాగూ అధ్యాయాలు, ఉప అధ్యాయాలుగానే ఉంటుంది, చదివింది మడిచేసుకుంటూ పోవచ్చు, మడిచిన శీర్షిక చూసి లోపల ఏముందో గుర్తు తెచ్చుకోవడమే ఒక పునశ్చరణ. కథలు, వ్యాసాలు రాసేవాళ్లకు ఆబ్సిడియన్, రాసినదంతా ఫైళ్లుగా చేతిలో ఉంటుంది. ఇంటి కాగితాలు, పొలం, బీమా, ఆరోగ్యం లెక్కలు చూసుకునేవాళ్లకు జాప్లిన్. పెళ్లో గృహప్రవేశమో మీద పడినవాళ్లు ఆ రెండు మూడు నెలలకు వర్క్‌ఫ్లోయీకి డబ్బు కట్టినా నష్టం లేదు, పని అయ్యాక ఓపీఎంఎల్‌గా తీసి దాచుకుని చందా ఆపేయొచ్చు. అమ్మానాన్నలు ఊళ్లో, పిల్లలు ఒకరు హైదరాబాద్‌లో ఒకరు డల్లాస్‌లో ఉన్న ఇళ్లలో మాత్రం ఇవేవీ కావు. అమ్మ వేసుకునే మందులు, మోతాదులు, డాక్టరు ఫోను, తర్వాతి చెకప్ తేదీ ఒక్క కీప్ నోటులో రాసి అందరితో పంచుకోండి. అమ్మ ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ఖాతా ఎలాగూ ఉంటుంది, ఆమె కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ ఉండదు.